తొమ్మిదో కూత

చిట్టా 41

బూరలు: ఎనిమిదీ మోగాయి. తిత్తిలో గాలి: నిండుగా ఉంది. నీళ్ళు: మనిషికి రెండు చెంబులే. కూతలగది కీపరు నూకరత్నం: చిరాకుగా ఉంది.

ఆఖరిది రాయాలని రూల్సులో ఎక్కడా లేదు. కానీ పైపాలెంలో ఈ చిట్టా రాసేదీ నేనే, చదివేదీ నేనే. నా చిరాకు నేను కాకపోతే ఇంకెవరు పట్టించుకుంటారు?

పొద్దున్నే బూరల మూతులు సోడా నీళ్ళతో కడిగాను. శుక్రగ్రహం మబ్బుల్లో కాపరమంటే అంతే, ఒక్కరోజు బద్ధకిస్తే యాసిడ్ తుంపర బూరని కొరికేస్తుంది. తర్వాత అన్నయ్యతో కలిసి తిత్తికి మాసికలు వేశాను. ఊరంతటినీ మబ్బుల మీద తేలుస్తున్నది ఆ తిత్తిలో ఉన్న గాలే. మేం పీల్చేదీ అదే గాలి. కాబట్టి మాసిక వేసేటప్పుడు అన్నయ్య కూడా కబుర్లు ఆపేస్తాడు.

మధ్యాహ్నం గరిటె కోసం మూడిళ్ళు తిరిగాను. మా వీధి మొత్తానికి ఒకటే గరిటె. తేలే ఊళ్ళో రెండో గరిటె అంటే రెండో బరువు, అందుకని దేనికీ రెండోది చేసుకోము. ఏ వస్తువు ఏ ఇంట్లో ఉందో గుర్తుపెట్టుకోవడమే మాకు తెలిసిన విద్య. మాటలు రాని పిల్లలు కూడా చేత్తో చూపిస్తారు, గరిటె ఎవరింట్లో ఉందో.

గరిటె దొరికి ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో మా వదిన పైడితల్లి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆ నిలబడే తీరు చూస్తేనే మా అన్నయ్య ఇంకో గదిలోకి వెళ్ళిపోతాడు.

"రేవు పెద్ద గవర్రాజు మావ ఏటన్నాడో తెలుసేటే? నా రెక్క శానా బాగుందట. కాపోతే రెక్కలు తొమ్మిదయినా కూతలు ఎనిమిదేనట. కూత లేనోలు ముసురులోకి ఎల్లకూడదట."

"నిజమే కదే వదినా," అన్నాను.

"ఆ కూతలు సేసీదానివి నువ్వే గదా? మావ మీద కోపమెందుకు, నీ మీదే పడతాను."

వదిన కోపంలో న్యాయం ఉంది. తిత్తికి పనికిరాని పాత తోలు ముక్కలు ఏరుకుని, ఏళ్ళ తరబడి కుట్టుకుని, తన రెక్క తానే కట్టుకుంది. ముసురు పట్టినప్పుడే మబ్బులో తుంపర దండిగా ఉంటుంది. రెక్కల మీద ఎగిరి ఆ తుంపర పట్టుకొస్తే, దానిలోంచి నీళ్ళు తీస్తాం. కానీ ముసురులో కళ్ళముందు చెయ్యి పెట్టుకున్నా కనబడదు, మెరుపుల దెబ్బకి రేడియోలో గరగర తప్ప ఏమీ రాదు. రెక్క ఎక్కినవాళ్ళు రేవుకి చేరేది బూర కూత వినే. ఒక్కో రేవుకి ఒక్కో బూర, ఒక్కో రెక్కకి ఒక్కో కూత.

"ఈ ముసురు ఒగ్గీసి, పై ముసురు దాకా ఆగలేవా?" అని అడిగాను.

"అప్పటికి నాకు యాభై దాటిపోతాయి. యాభై దాటినోలని కొత్తగా రెక్క ఎక్కనియ్యరు. ఇదే ఆకరు."

చివరి మాట అరిచి చెప్పి ఉంటే నాకింత ఇబ్బందిగా ఉండేది కాదు. మెల్లగా చెప్పింది.

చిట్టా 42

కూతలగదిలో కంప్యూటర్ ఉంది. దానిలో శబ్దాలు అల్లే సాఫ్ట్‌వేర్ ఉంది. తెర మీద పెట్టెలు పెట్టి, వాటిని తీగలతో కలుపుతాం. ఒక పెట్టె శబ్దం పుట్టిస్తుంది, ఇంకోటి పెంచుతుంది, మరోటి బూరలోకి పంపుతుంది. మనకి కావలసిన పెట్టె అందులో లేకపోతే సి భాషలో ఎక్స్‌టెన్షన్ రాసి తగిలించుకోవాలి. నాకు ముందు ఈ గదిలో పనిచేసినాయన అలాగే "కూత" అనే పెట్టె రాసి పెట్టాడు. పక్కన ఒకటి నుంచి ఎనిమిది దాకా ఏ అంకె రాస్తే ఆ కూత వస్తుంది. అంకె తప్ప మరొకటి ఇస్తే తీసుకోదు.

సరే, తొమ్మిది అంకెకి కొత్త కూత కట్టాను. వదినకి వినిపించాను. ఆరోదానిలా ఉందంది. మార్చాను. రెండోదానిలా ఉందంది. నిజానికి ఉన్న ఎనిమిదే ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. పోయిన ముసురులో అసిరయ్య మూడుకీ అయిదుకీ తేడా తెలియక ఇంకొకరి రేవులో దిగి, వాళ్ళింట్లోనే భోంచేసి, పడుకుని మరీ వచ్చాడు. ఆయన భార్య ఆ సంగతి ఇంకా మర్చిపోలేదు.

"అంకెలకి నానెందుకు పలుకుతానే?" అంది వదిన విసుగ్గా. "పెళ్ళయిన కాడ్నుంచి నాను పలికీది ఒక్కదానికే..."

మాట పూర్తికాలేదు. వంటగదిలోంచి మా అమ్మ కేక వేసింది.

"ఒలే పైడీ! ఎక్కడ కూకున్నావే! సోడంబలి సల్లారిపోతంది, బేగి రాయే!"

వదిన తటాలున లేచి వెళ్ళిపోయింది. మొదలుపెట్టిన మాట కుర్చీలోనే వదిలేసింది.

నేను కూర్చుని ఆలోచించాను. మూడు గోడల అవతలి నుంచి, మాటలు అర్థం కాకపోయినా, ఇది మా ఇంటి కేకే అని వదిన ఒళ్ళు గుర్తుపట్టింది. ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఇలాంటి కేక ఒకటి ఉంటుంది. అన్నానికి పిలిచే కేక. రెక్క ఎక్కేవాళ్ళతో జాగ్రత్త అనడం మాకు అపశకునం గనక, రేవులో సాగనంపేటప్పుడు కూడా అదే కేక వేసి తిడతాం.

అయితే పెట్టె పక్కన అంకె ఎందుకు? ఆ కేకే రాస్తే పోలా! పొట్టి అక్షరానికి పొట్టి కూత, దీర్ఘానికి దీర్ఘపు కూత. ఏ ఇంటి దరువు ఆ ఇంటిది. పాత పెట్టెని పక్కన పెట్టి, మాటలు పుచ్చుకునే కొత్త పెట్టె రాయడానికి కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత ఈ గదిలో నాకు సంతోషంగా ఉంది.

చిట్టా 44

పెట్టె తయారైంది. కంపైల్ అయింది. అమ్మ కేక మొత్తం రాసి మోగించాను.

బూర "ఒలే" అంది. అంతటితో ఆగిపోయింది.

అసిరయ్య భార్య కేక రాశాను. "ఒరే" అంది. ఇంకో ఇంటిది రాశాను. మళ్ళీ "ఒలే". పైపాలెంలో మొగుణ్ణి కూడా ఒరే అని పిలిచే ఇళ్ళు ఇన్ని ఉన్నాయని నాకు ఇవాళే తెలిసింది. దరువులో అన్నీ ఒకటే. అంకెలే నయమనిపించింది.

తప్పు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను రాసిన వాక్యాన్ని సాఫ్ట్‌వేర్ ఖాళీ ఉన్నచోటల్లా తుంచి, ముక్కలు ముక్కలుగా నా పెట్టె చేతిలో పెడుతోంది. నా పెట్టె మొదటి ముక్క పుచ్చుకుని, మిగతావాటికి తలుపు వేసేస్తోంది. ఎన్ని ముక్కలొచ్చినా అన్నీ తీసుకుని, మధ్యలో ఖాళీలు పెట్టి మళ్ళీ అతకమని రాశాను.

చిట్టా 45

ఊరికి ఇవాళ భోజనాల గంట మోగలేదు. బాధ్యత నాది. కొంత మా అమ్మది.

అతికిన కేకని పెట్టుకోవడానికి మెమరీలో కొంత చోటు వేరుచేశాను. తెలుగు అక్షరం ఒక్క గడిలో ఇమడదని, ఒక్కోటి మూడేసి గడులు పట్టేస్తుందని, గుణింతం పడితే ఇంకో మూడు కావాలని నేను లెక్క వేసుకోలేదు. పైగా అమ్మ ఇవాళ ఉత్సాహంలో కేకకి ఇంకో రెండు తిట్లు చేర్చింది. అవన్నీ కలిసి ఇచ్చిన చోటు నిండి, గట్టు దాటి, పక్కన ఉన్న పెట్టె మీద పడ్డాయి. ఆ పెట్టె గంటది.

ఆకలితో గవర్రాజు మావ కూతలగదికి వచ్చాడు. ఆయన ఆకలి మీద ఉంటే గట్టిగా మాట్లాడడు, అది ఇంకా భయం.

"ఏటమ్మా రత్నం, గంటకేటైనాది?"

"మా అమ్మ తిట్టు దానిమీద పడిపోనాది మావా."

"మీ యమ్మంటే ఊరికి భయమే గానీ, గంటక్కూడానా?" అని ఆయన వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి అమ్మకి చెబితే నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. అబ్బే. "నా నోరు ఊరి గంటనే నొక్కీసినాదేటే?" అని వీధిలో నాలుగిళ్ళకి చెప్పుకుని వచ్చింది. నేను మాత్రం ముందు కేక పొడవు కొలిచి, దానికి తగినంత చోటే అడిగి తీసుకునేలా పెట్టెని మార్చాను. అమ్మ తిట్టుకి హద్దు గీయడం నా తెలివితక్కువే.

చిట్టా 47

ఇంటింటికీ వెళ్ళి కేకలు పోగుచేశాను. ఇంత హాయైన పని నేనెప్పుడూ చెయ్యలేదు. మామూలుగా పిలవమంటే ఎవరికీ రాదు. "అలగ సెప్పమంటే ఎలగొస్తాదే? ఆకలేస్తే వొస్తాది" అన్నారు ఒకరు. అసిరయ్య భార్య మాత్రం తడుముకోలేదు.

"ఒరే అసిరిగా, ఎవులింట్లో తొంగున్నావురా!"

పక్కనే ఉన్న అసిరయ్య తల వంచుకుని నెత్తి గోక్కున్నాడు. "అదే ఖాయం సెయ్యి," అంది ఆవిడ నాతో.

ఒక్కో పెట్టెలో ఒక్కో కేక రాసి, రాసినది రాసినట్టు అక్కడికక్కడే చిన్నగా మోగించి చూసుకున్నాను. తొమ్మిదీ బ్రహ్మాండంగా పలికాయి. వదిన కేక ఆఖరున రాశాను. బూర అమ్మ గొంతు కాదు, మాటలూ లేవు, అయినా ఆ దరువు వినగానే వదిన కుర్చీలోంచి సగం లేచింది. లేచి, సిగ్గుపడి, మళ్ళీ కూర్చుంది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

గవర్రాజు మావ ఒప్పుకున్నాడు, వదిన రేవుకి తొమ్మిదో బూర కూడా బిగించనిచ్చాడు. రేపు మబ్బు తేటగా ఉండగానే తొమ్మిది రెక్కలతో ఒకసారి చేసి చూడాలి. బాగుంటే తొమ్మిదో పేరు రాసుకుంటాడు.

చిట్టా 48

ఏం రాయను?

తొమ్మిది రెక్కలూ ఎగిరాయి. వదిన రెక్క అన్నిటికన్నా నిలకడగా ఎగిరింది, ఇది నేను ఆడపడుచుననే పక్షపాతంతో చెప్పడం లేదు. అందరూ దూరంగా వెళ్ళాక ముందుగా అసిరయ్య కూత నొక్కాను. అసిరయ్య రేవు బూర గట్టిగా మోగింది.

"ఒలే పైడీ! ఎక్కడ కూకున్నావే!"

నేనే తప్పు మీట నొక్కాననుకున్నాను. రెండో కూత నొక్కాను. సోడంబలి చల్లారిపోతోందంది. మూడోదీ అంతే. నాలుగోదీ అంతే. తొమ్మిది బూరల్లో తొమ్మిదింటా మా అమ్మే. అక్కడ మబ్బులో ఉన్నవాళ్ళకి ఏం చెయ్యాలో తోచక, ఆ కేక ఎవరింటిదో మాత్రం తెలిసి, మంద మొత్తం వచ్చి మా వదిన రేవు మీద వాలిపోయింది. రెక్కకి రెక్క రాసుకుంది. అసిరయ్య దిగి, రేవులో నిలబడ్డ అమ్మ ముందు చేతులు కట్టుకున్నాడు.

"ఏటి పిన్నీ, నానేటి సేసినాను?"

ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత గవర్రాజు మావ నోరు విప్పాడు.

"తేటగా ఉండబట్టి సరిపోనాది. ముసురులోనైతే తొమ్మండుగురూ ఒకల్నొకలు గుద్దుకుని పడిపోదురు. ముసురు ఎల్లుండికి పట్టీసీలాగుంది. రేపటికి సరిసేస్తే సరి, నేపోతే పాత అంకెలే. ఎనిమిది రెక్కలే."

ఆయన మాటలో తప్పేమీ లేదు. వదిన తన రెక్క దగ్గరికి వెళ్ళింది. రెక్క మీద పడిన తుంపర గుడ్డతో తుడిచి, దుప్పటి కప్పి, అంచులు నాలుగు పక్కలా దోపి, నాకేసి చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

చిట్టా 49

దొరికింది!

పొద్దున్నే ఒక్కో పెట్టెని లోపల ఏం దాచుకున్నావో చూపించమని అడిగాను. తొమ్మిది వరసలు తెర మీద పడ్డాయి. తొమ్మిదింటిలోనూ కేక లేదు. కేక ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రం ఉంది. తొమ్మిదింటిలో ఉన్నది ఒకే చిరునామా.

జరిగింది ఇదీ. నేను ఏ కేక రాసినా, ఆ ముక్కల్ని అతికి ఇచ్చే భాగం దాన్ని ఒకే జాగాలో పేరుస్తోంది. చోటు ఎంత పెద్దది కావాలంటే అంత తీసుకోమన్నాను గానీ, వేరువేరుగా తీసుకోమనలేదు. ఒక పెట్టెకి కేక ఇచ్చేశాక, అదే జాగాలో తర్వాతి కేక పేరుస్తోంది. నా పెట్టెలు కేకని రాసుకోలేదు. అది ఎక్కడుందో మాత్రం గుర్తుపెట్టుకున్నాయి. రాసిన వెంటనే మోగిస్తే సరిగ్గానే మోగింది, ఎందుకంటే అప్పటికి అక్కడ ఉన్నది ఆ కేకే. తొమ్మిదోది రాసేశాక ఎవరు వెళ్ళి చూసినా అక్కడ అమ్మే కూర్చుని ఉంది.

సి నేర్చుకునే ఎవరైనా సరే ముందుగా పట్టించుకోవలసిన సంగతి ఇది. నేనెందుకు పట్టించుకోలేదు? నేను పైపాలెం మనిషిని కాబట్టి. పుట్టిన దగ్గర్నుంచి దేనికీ రెండోది చేసుకోకుండా, ఎవరింట్లో ఉందో గుర్తుపెట్టుకుని బతికినదాన్ని. కేకకి నకలు తీసుకోవాలని నా చేతికే తోచలేదు. గరిటె ఫలానా ఇంట్లో ఉందని చెబితే అన్నయ్య వెళ్ళేలోపు అది రెండిళ్ళు దాటిపోతుంది, ఖాళీ చేతులతో తిరిగొచ్చి నన్ను కసురుతాడు. ఆ కసురు ఇన్నేళ్ళు తిని కూడా నాకు బుద్ధి రాలేదు.

ఏ పెట్టెకి ఆ పెట్టె తన కేకని అక్షరం అక్షరం సొంత జాగాలో రాసుకునేలా మార్చాను. పెట్టెని తీసేసినప్పుడు ఆ జాగా తిరిగి ఇచ్చేసేలా కూడా రాశాను, ఊరి మర్యాద అంతమాత్రం నాకూ ఉంది. ఈసారి తొమ్మిదీ రాసేశాకే మొదటిదాన్నుంచి మోగించాను. అసిరయ్యకి అసిరయ్య తిట్టే పడింది. తొమ్మిది ఇళ్ళు తొమ్మిది రకాలుగా అరిచాయి. కూతలగదిలో నేనొక్కదాన్నే గంతులు వేశాను.

గవర్రాజు మావని పిలిచి చూపించాను. అంతా విని ఆయన ముఖం గంభీరంగా పెట్టాడు.

"తొమ్మిది నకళ్ళా! బరువెంతుంటాదమ్మా?"

"బరువుండదు మావా. మెమరీలోనే గదా."

"బరువు నేకుండా రెండోదా?" ఆయన కాసేపు నమ్మలేదు. తర్వాత కళ్ళు మెరిశాయి. "గరిటె కూడా అందులో ఎట్టీగలవేటి?"

గరిటె పట్టదని చెప్పాను. కొంచెం నిరాశపడ్డాడు. కానీ ఇంకోసారి అన్ని కూతలూ తన చెవులతో విని, తానే మీటలు వరసగా కాకుండా ఇష్టం వచ్చినట్టు నొక్కి చూసి, వెళ్ళి తొమ్మిదో పేరు రాసుకున్నాడు. వదినకి నేనే పరుగెత్తుకెళ్ళి చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క పట్టు పట్టి పైకెత్తేసింది. నా బరువుకి ఊరు ఒరిగిందని అన్నయ్య వెక్కిరించాడు.

చిట్టా 50

ముసురు పట్టింది. గాజు బయట పసుపుపచ్చ రంగు తప్ప ఏమీ లేదు. రేడియోలో గరగర. బూరలు: తొమ్మిది.

తొమ్మిది రెక్కలూ వెళ్ళాయి. పోయేముందు అమ్మ రేవు కొసకి వచ్చి, మాస్కు పెట్టుకునే, వదినని తిట్టవలసినదంతా తిట్టి సాగనంపింది.

డబ్బాలు నిండే వేళకి పిలవడం మొదలుపెట్టాను. ముందు అసిరయ్య. బూర మోగిన కాసేపటికే పచ్చటి మబ్బులోంచి ఆయన రెక్క ముక్కు బయటపడింది, సరిగ్గా తన రేవు మీదకే. ఆయన భార్య చప్పట్లు కొట్టింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఒక్కరు కూడా తప్పలేదు. ఎనిమిది మంది దిగారు.

వదిన కూత నొక్కాను. మబ్బు కదల్లేదు.

మళ్ళీ నొక్కాను. అమ్మ దరువు మోగి మోగి ఆగింది. పెట్టె లోపల చూశాను, కేక ఉండవలసిన చోటే ఉంది. గవర్రాజు మావ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. రేవు కొసన అమ్మ మబ్బులోకే చూస్తోంది. నేను మూడోసారి నొక్కగానే బూరతో పాటు తానూ అరిచింది. అంత చిన్న మనిషిలో అంత గొంతు ఎక్కడ ఉందో నాకు తెలియదు.

అప్పుడు ఎడమ పక్క నుంచి, తీరిగ్గా, అతుకులన్నీ కనబడేలా మా వదిన రెక్క వచ్చింది. మెత్తగా దిగింది. డబ్బాలు అంచుదాకా నిండి ఉన్నాయి.

నేను పరుగెత్తాను. "ఇనబడలేదేటి వదినా? మూడు సార్లు కొట్టినాను!"

"ఎందుకినబడదే? మొదటిసారే ఇన్నాను." మాస్కు తీసింది. ముఖమంతా నవ్వే. "ఆ పచ్చటి దాంట్లో ఒక్కదాన్నే ఉన్నానా, నలుపక్కలా మీ యమ్మే. అంత దూరం ఎవులైనా నన్ను పిలిసినారా ఎప్పుడైనా? దిగిపోతే ఆపీస్తావు గదాని, అక్కడే ఇంకో రెండు సుట్లు తిరిగి ఇన్నాను."

అమ్మ దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. వదిన చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"రత్నం, ఆ పాడు తిట్టు తీసీయే. అంత దూరంలో ఒంటరిగా ఉన్న పిల్లకి అదా ఇనిపించడం? బంగారు తల్లీ, ఇంటికి రామ్మా అని రాయి."

వదిన నిజంగానే కంగారు పడింది.

"వొద్దత్తా! అలగ పిలిస్తే ఎవుల్నో అనుకుని ఇంకా ముందుకెల్లిపోతాను."

అమ్మ కోడలి వీపు మీద ఒక్కటిచ్చి, తర్వాత నవ్వేసింది. కూత మార్చలేదు.